సున్నం కింద మాటలు

ముప్పై మూడేళ్ళు బడిలో హిందీ చెప్పి రిటైరైనవాణ్ణి. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఎక్కడైనా కనిపిస్తే, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి సార్ అని అడుగుతుంటారు. పెద్ద ఉద్యోగం తెచ్చుకున్న శిష్యుడి గురించో, దండేసిన అధికారి గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక వంటషెడ్డు గోడ. ఆ గోడను చూసి నేను కుళ్ళుకున్నాను. బాధపడ్డానని, నొచ్చుకున్నానని మర్యాదగా చెప్పొచ్చు గానీ, అప్పుడు నా కడుపులో ఉన్నది కుళ్ళే. చిన్నవాళ్ళు మీరు, మీకు అబద్ధం చెప్పి నాకొచ్చేదేముంది.

నేను చివరగా పనిచేసింది మాచర్ల వైపు, సున్నపు బట్టీలున్న ఊళ్ళో. ఆ బడిలో వేపాకు కూడా తెల్లగా ఉంటుంది. పొద్దున ఊడ్చిన వరండా మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అక్కడి పిల్లలకు హిందీ అంటే ఇరవై మార్కులొస్తే గట్టెక్కే సబ్జెక్టు. జీవితంలో ఒక్క హిందీ మనిషిని ఎదురుగా చూడని పిల్లలకు ఆ భాష చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా ఆరో తరగతిలో ఏడుగురు పిల్లలు చేరారు. బట్టీల్లో పనికి ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు. తెలుగు ఒక్క ముక్క రాదు. హెడ్మాస్టర్ మేడమ్ తల పట్టుకుంది గానీ నాకు ఆ రోజు పండగే. ఇన్నాళ్ళకు నా భాష తెలిసిన పిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చారనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ క్లాసుకెళ్ళాను. గొంతు సవరించుకుని, "ఛాత్రో, కృపయా అప్‌నా పరిచయ్ దీజియే" అన్నాను, దయచేసి మీ గురించి చెప్పండి అని.

ఏడుగురూ బొమ్మల్లా చూశారు. ముందు కూర్చున్న రెండు జడల పిల్ల పక్కపిల్ల వైపు వంగి, "కా కహత బా?" అన్నది. ఏమంటున్నాడీయన అని అడిగిందన్నమాట. వాళ్ళ ఇంటి భాష వేరు, నా పుస్తకం హిందీ వేరు. నా హిందీ మన పిల్లలకు ఎంత అర్థమయ్యేదో ఆ హిందీ పిల్లలకూ అంతే అర్థమైంది.

ఆ మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. ఏడుగురూ వంటషెడ్డు దగ్గరకెళ్ళారు. అక్కడ వంట చేసే ఆమె ఊళ్ళోని ముస్లిం ఇంటి మనిషి. భర్తది రోడ్డు మీద మెకానిక్ షెడ్డు. తను ఏడో తరగతి దాకా చదివింది. ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే "ఆవో బేటా, బైఠో" అని గరిటె ఊపింది. అంతే. పొద్దున్నించీ నోరు తెరవని ఆ ఏడుగురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్ళ మాటలన్నీ ఆమెకూ అర్థం కాలేదు, ఆమె మాటలన్నీ వాళ్ళకూ అర్థం కాలేదు. అయినా నవ్వుకుంటూ సర్దుకున్నారు. రెండోరోజుకల్లా ఆమె వాళ్ళకు చాచీ, అంటే పిన్ని, అయిపోయింది. నేను ఎమ్మే హిందీ. స్టాఫ్ రూమ్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మా లెక్కల సారు ఊరుకునే రకం కాదు. "ఏంది పండిట్ గారూ, మీ క్లాసుకన్నా సాంబారు క్లాసుకే అటెండెన్సు ఎక్కువుంది?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇక్కడ నా నోటుపుస్తకం సంగతి చెప్పాలి. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన పుస్తకం అది. తెలుగులోనూ హిందీలోనూ ఒకేలా ఉండి, అర్థం వేరైపోయిన మాటలు పోగేసేవాణ్ణి. శిక్ష అంటే అక్కడ చదువు, ఇక్కడ దండన. ఉపన్యాసం అక్కడ నవల, ఇక్కడ ప్రసంగం. అవసరం అక్కడ అవకాశం, ఇక్కడ అక్కర. అన్నీ సంస్కృతం కడుపున పుట్టి, ఊళ్ళు మారాక బుద్ధులు మార్చుకున్న మాటలు. ఒక్కోదానికీ ధాతువు, వ్యుత్పత్తి, ఎర్రసిరాతో వివరణ. రిటైరయ్యాక అచ్చు వేయించాలని ఆశ. ఈ సంగతిలో జిల్లాలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం.

దసరా సెలవులు ఇంకో నెలకున్నాయనగా మేడమ్ మీటింగులో ఖండితంగా చెప్పింది. "ఆ ఏడుగురికీ తెలుగు అక్షరాలు పట్టుబడకపోతే దసరాకి వెళ్ళినవాళ్ళు తిరిగిరారు. బట్టీలో పనికి పెట్టేస్తారు. హిందీ సార్, మీ మీదే భారం." ఆ భారం కోసమే ఎదురుచూస్తున్నవాణ్ణి. అక్షరమాల చార్టు కట్టాను. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. వారం గడిచినా వాళ్ళకు అమ్మ దగ్గరే బండి ఆగిపోయింది.

ఆ శుక్రవారం భోజనాల వేళ రెండు జడల పిల్ల ప్లేటు పట్టుకుని వంటషెడ్డు గోడ ముందు నిలబడి, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. నేను పంపు చాటున నిలబడి విన్నాను.

గోడ నిండా బొగ్గు రాతలు. ఒక్కో మాటకు అటొక బొమ్మ, ఇటొక బొమ్మ. మధ్యలో తెలుగులో 'రాయి' అని ఉంది. ఎడమవైపు చిన్న చిన్న చుక్కలు, కుడివైపు పెద్ద బండ. వంటామె పోపు డబ్బాలోంచి ఆవాలు అరచేతిలో పోసుకుని, "యే క్యా?" అంది. "రాయీ!" అన్నారు పిల్లలు. "మీ ఇంట్లో రాయీ ఇది. ఈ ఊళ్ళో రాయి అదిగో, మీ నాయన కొట్టేది" అని పొయ్యి రాయి చూపించింది. కింద 'గాలి'. ఎడమవైపు నోరు తెరిచి తిడుతున్న మొహం, కుడివైపు వంగిన చెట్టు. ఇంకా కింద 'ఆట'. అటు పిండి ముద్ద, ఇటు తొక్కుడుబిళ్ళ. 'చాలు'కి అటు తిరుగుతున్న మోటారు, ఇటు ప్లేటు మీద అడ్డం పెట్టిన చెయ్యి. 'బడి'కి అటు చిన్న గిన్నె పక్కన పెద్ద డేగిసా, ఇటు జెండా కర్రతో మా స్కూలు. దీర్ఘాలు, పొల్లులు ఆమె పట్టించుకోలేదు.

ఆమె ఏం చేసిందో నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. తెలుగు అక్షరాలతో ముందు వాళ్ళ మాటే చదివిస్తోంది. నోట్లో ఉన్న మాటే గోడ మీద కనిపిస్తే అక్షరం భయపెట్టదు. అదే అక్షరాల వెనక ఈ ఊరి మాట కూడా కూర్చుని ఉంది, అది ఊరికే వస్తుంది. పైగా ఆ మాటలు నా మాటల్లాంటివి కావు. అవి ఒక్క తల్లి బిడ్డలు కావు. రెండు వేరే ఇళ్ళలో పుట్టి, ఏ చుట్టరికమూ లేకుండా మొహాలు మాత్రం కలిసిన మాటలు. అలాంటిది నా పుస్తకంలో ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళుగా నేను నిఘంటువుల్లో వెతికాను, ఆమె పోపు డబ్బాలో వెతికింది.

మెచ్చుకోవాలి కదా. నాకు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి మా ఆవిడతో, "అది ఏడో తరగతి. వ్యాకరణం తెలీదు, దీర్ఘం తెలీదు" అని గంటసేపు చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ అంతా వింది. "ఆ వంటామె మీద మీకు ఏడుపేంది?" అని అడిగింది. నాకేం ఏడుపు అని అరిచాను. పక్కింటివాళ్ళకు వినపడేలాగే అరిచాను.

శనివారం సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక సెల్లుతో ఆ గోడను ముక్క ముక్కగా ఫొటోలు తీసుకున్నాను. తర్వాత మేడమ్ దగ్గరకెళ్ళాను. "వంటషెడ్డు గోడ మసి గీతలతో అసహ్యంగా ఉంది మేడమ్. ఎవరైనా తనిఖీకొచ్చి ఫొటో తీసి యాప్‌లో పెడితే మీకే మాట" అన్నాను. యాప్ అనేసరికి మేడమ్‌కి చెమట పట్టింది. రోజూ బడి ఫొటోలు ఎక్కించాల్సిన ఆ యాప్‌ల గొడవ మీకు నేను చెప్పక్కర్లేదు. "అవును సార్, సున్నం వేయిద్దాం. ఇంక దాని మీద ఎవరూ రాయకుండా ఆమెకి కూడా చెప్తాను" అంది.

ఆదివారం సున్నం వేయటానికి వచ్చింది ఎవరనుకున్నారు. రెండు జడల పిల్ల వాళ్ళ నాన్న. పిల్ల చదివే బడి కదా అని కూలి కూడా వద్దన్నాడు. తన బట్టీలో సున్నమే తెచ్చి, బకెట్లో కలిపి, "నమస్తే మాస్టర్‌జీ" అని నాకు దణ్ణం పెట్టి కుంచె ముంచాడు. నేను కుర్చీ వేసుకుని దగ్గరుండి వేయించాను. రాయి పోయింది, గాలి పోయింది. బడి మీద కుంచె పెట్టినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి ఆ జెండా బొమ్మ చూసి, బాగుందన్నట్టు తలూపాడు. చదువు రాని మనిషి. ఆ అక్షరాలు తన కూతురు చదివే అక్షరాలని ఆయనకు తెలియదు, నాకు తెలుసు. అయినా కుర్చీలోంచి లేవలేదు.

సోమవారం వంటామె వచ్చింది. గోడను పైనుంచి కింద దాకా చూసింది. "మంచి సున్నం సార్, బాగా పట్టింది" అని పొయ్యి ముట్టించింది. గొడవ పెట్టుకుంటుందని రెండు రోజులుగా సమాధానాలు సిద్ధం చేసుకున్నవాణ్ణి, ఒక్కటీ వాడే పని పడలేదు.

భోజనాల గంట కొట్టారు. నేను మళ్ళీ పంపు చాటున నిలబడ్డాను. ఏం చేస్తారో చూడాలని, నిజం చెప్పాలంటే, ఏం చెయ్యలేకపోతారో చూడాలని. ఏడుగురూ ప్లేట్లు తెచ్చుకుని ఎప్పటిలాగే గోడ ఎదురుగా వరసగా కూర్చున్నారు. రెండు జడల పిల్ల లేచి, సాంబారు వేలితో తెల్లటి గోడ మీద పైన ఒక చోట చూపించింది.

"రాయి!" అన్నారు అందరూ.

వేలు కిందికి జరిగింది. "గాలి!" ఇంకాస్త కింద. "ఆట!" మూలకు పోయింది వేలు. "చాలు!" ఒక పిల్లాడు తప్పు చెబితే, "అక్కడ కాదు, దాని పక్కన" అని ఇంకొకడు లేచి సరిచేశాడు. ఉత్త గోడ. ఒక్క గీత లేదు. తరవాత ఆ పిల్ల పుల్లముక్క తీసుకుని నేల మీద దుమ్ములో బడి అని రాసింది. తప్పు లేకుండా రాసింది. ఆమె మాత్రం అటు తిరిగి అన్నం వడ్డిస్తూనే ఉంది.

పిల్లలూ, ముప్పై మూడేళ్ళలో నేనెన్ని బోర్డులు రాసి చెరిపి ఉంటానో. చెరిపాక వాటిలో ఒక్క అక్షరమైనా ఏ పిల్లాడికైనా అలా కనిపించిందా? ఆ ప్రశ్న వేసుకున్నాక నాలో కుళ్ళు తగ్గిందనుకునేరు. రెట్టింపైంది.

కాబట్టే ఆ పైవారం నరసరావుపేటలో జరిగిన బోధనోపకరణాల మేళాకు వెళ్ళాను. టీచర్లు తయారుచేసిన చార్టులు, బొమ్మలు పెట్టే మేళా అది. ఆ గోడనంతా రంగుల చార్టు మీదకు ఎక్కించి, కింద నా పేరు రాసుకున్నాను. చదివి చూపించటానికి ఒక విద్యార్థి కావాలి. రెండు జడల పిల్లను తీసుకెళ్ళాను. పొద్దున్నే వంటామె ఆ పిల్లకు రిబ్బన్లు కట్టి, చెవిలో ఏదో చెప్పి బస్సెక్కించింది. అసలు సంగతి అక్కడ చెప్పెయ్యమని ఉంటుందనుకున్నాను. దారి పొడవునా ఆ పిల్లకు బిస్కెట్లు, సోడా, జామకాయలు కొనిపెట్టాను.

హాల్లో పిల్ల గడగడా చదివింది. చూడటానికి వచ్చిన అధికారిణి ముచ్చటపడి బుగ్గ నిమిరి అడిగింది. "ఇవన్నీ నీకు ఎవరు నేర్పారమ్మా?"

పిల్ల నావైపు చూసింది.

"మా హిందీ సారు" అన్నది, అచ్చ తెలుగులో.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎవరో పైథాగరస్ సిద్ధాంతాన్ని అట్టముక్కలతో చేసి ఎగరేసుకుపోయారు. తిరుగు బస్సులో ఆ పిల్ల షీల్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిడుగురాళ్ళ దాటాక ఉండబట్టలేక అడిగాను. "నా పేరెందుకు చెప్పావు?"

"చాచీ చెప్పమంది" అని, మాటలు వెతుక్కుంటూ అన్నది. "సారు పేరే చెప్పాల. సారు ఈ ఏడాదితో వెళ్ళిపోతాడు గదా. మనం ఉంటాం గదా. అని చెప్పింది."

మర్నాడు షీల్డు, సర్టిఫికెట్టు పట్టుకుని వంటషెడ్డుకెళ్ళాను. ఆమె గుడ్లు ఒలుస్తోంది.

"ఇవి నీవి" అన్నాను.

"నాకెందుకు సార్ అయ్యి? మా ఇంట్లో పెడితే స్పానర్ల కింద పడి నలుగుతయ్యి. మీ అలమరాలో పెట్టుకోండి."

"నేను ఫొటోలు తీసుకున్న సంగతి..."

"శనివారం మీరు తీస్తన్నప్పుడు నేను పంపు కాడ గిన్నెలు తోముతానే ఉన్నా గదా. సున్నం సంగతి కూడా తెలుసు. మా ఆయన షెడ్డు కాడ కుంచె కడుక్కుంటా ఆ పిల్ల వాళ్ళ నాయనే చెప్పిండు, మాస్టర్‌జీ దగ్గరుండి వేయించాడని."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరేం చెప్తారు సార్?" అని తల ఎత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది. "బహుమతి మీరుంచుకోండి. నా గోడ నాకు ఇప్పించండి. మేడమ్ ఇంక రాయొద్దన్నది. పిల్లకాయలు ఉత్తగోడ మీద ఎన్నాళ్ళు చదువుతారు? పాతయ్యి గుర్తున్నయ్యి. కొత్తయ్యి ఎక్కడ చెప్పేది? దసరా చానా దగ్గరకొచ్చింది."

మేడమ్ గదిలోకెళ్ళాను. లెక్కల సారు అక్కడే టీ తాగుతున్నాడు. అతను వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను, ఆగితే ఎప్పటికీ చెప్పనని తెలిసి ఆగలేదు. "మేడమ్, వంటషెడ్డు గోడ మీద ఆమెను రాయనివ్వండి. ఆ పిల్లలకు అక్షరాలొచ్చింది దాని వల్లే. చార్టు నాది కాదు, అదీ ఆమెదే."

"మీరే గదా సార్ అసహ్యంగా ఉందన్నది?"

"అన్నాను మేడమ్. కుళ్ళుతో అన్నాను."

లెక్కల సారు గ్లాసు కింద పెట్టాడు. ఆ మనిషి నా మీద జోకు వెయ్యకుండా ఉన్నది ఆ ఒక్కరోజే. మేడమ్, "మరి యాప్‌లో ఫొటో?" అంది. ఫొటోకి పొయ్యి వైపు గోడ తెల్లగానే ఉంది కదా అన్నాను. సరేనంది.

ఆ మధ్యాహ్నమే ఆమె బొగ్గు చేతిలోకి తీసుకుంది. మొదటి మాట నేను రాస్తానన్నాను. అంత జరిగినా నాకు ముందుండాలని యావ. "వద్దు సార్. మీ రాత గొలుసుకట్టు, పిల్లకాయలకు తెలవదు" అని మొహమాటం లేకుండా చెప్పింది.

దసరాకి వెళ్ళిన ఏడుగురిలో ఐదుగురు తిరిగొచ్చారు. ఇద్దరి తల్లిదండ్రులు వేరే ఊరి బట్టీలకు వెళ్ళిపోయారు. వేసవిలో నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, నా హిందీ సేవ గురించి మాట్లాడారు. నేనూ మాట్లాడాను గానీ గోడ మాట ఎత్తలేదు. ఆ పిరికితనం కూడా రాసుకోండి.

ఇదంతా జరిగి మూడేళ్ళు. ఈ మధ్య ఒకరోజు పింఛను పని మీద అటు వెళ్ళి, బడి ప్రహరీ బయట ఆగాను. రోడ్డు మీంచి గోడ కొంచెం కనిపిస్తుంది. కొత్త మాటలు వచ్చాయి. కళ్ళజోడు సవరించుకుని, మునివేళ్ళ మీద లేచి చూస్తూ నా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. వెనక నుంచి ఎవరో పిలిచారు.

"సార్, అక్కణ్ణించి ఏం కనిపిస్తది? లోపలికి రండి."

రెండు జడల పిల్ల. తొమ్మిదో తరగతి. తెలుగు ఈ ఊరి పిల్లలాగే మాట్లాడుతోంది. లోపలికి తీసుకెళ్ళి, గోడ ముందు ఈ ఏడు కొత్తగా వచ్చిన పిల్లల వరసలో నన్నూ కూర్చోబెట్టింది. చాచీ ఒక ప్లేటు తెచ్చి నా ముందు పెట్టింది. పిల్ల నా నోటుపుస్తకం తీసుకుని మొదటి పేజీ తిప్పింది. ఎర్రసిరా ధాతువులు, వ్యుత్పత్తులు అన్నీ చూసింది. 'అవసరం' దగ్గర ఆగి, "అక్కడ అవకాశం, ఇక్కడ అక్కర. బాగుంది సార్" అని, గోడ వైపు చూసి అడిగింది. "మరి దీనికి బొమ్మ ఎట్టా వేస్తారు?"

ముప్పై ఏళ్ళు మోసిన పుస్తకంలో బొమ్మ వెయ్యగలిగిన మాట ఒక్కటైనా ఉందా అని పేజీలు తిప్పాను. చాచీ చూస్తూ నిలబడి, పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ఒకటి ఏరి, ఊది, నా చేతికిచ్చింది.

"వెయ్యండి సార్. తప్పొస్తే సున్నం ఉండనే ఉంది" అన్నది.

పిల్లలంతా నావైపు తిరిగి కూర్చున్నారు. నేను గోడ దగ్గరకెళ్ళి, ఏం గీయాలో తెలియక, ముందు 'అవసరం' అన్న మాటను రాశాను. ఈసారి గొలుసుకట్టు కాకుండా, విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాశాను.